మొగిలి ఘాటుకు ముప్పై నాలుగు పళ్ళు

బంగారుపాళెం దాటాక, మొగిలి ఘాటు ఇంకా తలెత్తకముందే నా కాళ్ళు బేరాలు మొదలుపెట్టాయి. మూడు రోజులు పులికాట్ ఒడ్డున పిట్టల్ని చూస్తూ తిరిగి, నిన్న సాయంత్రానికి చిత్తూరు చేరాను. పులికాట్‌లో నేల పళ్ళెంలా ఉంటుంది. అక్కడ ఎదురుగాలే కొండ. ఆ చదునుకు మరిగిన మోకాళ్ళతో పలమనేరు ఎక్కాలనుకోవడం డెబ్బై ఒకటో ఏట తెలివైన పనేనా అని ఆలోచిస్తూ, సైకిలు వెనక చక్రానికున్న తొమ్మిది పళ్ళ బిళ్ళల్లో అన్నిటికన్నా పెద్దదాని మీదికి చైను మార్చాను. అది కటక్కుమని ఎక్కి కూర్చుంది.

“సామీ, రొంత ఆగండి.”

రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కూర్చున్న మనిషి పిలిచాడు. అరవై దాటి ఉంటాయి. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టాడు, చలికి తువ్వాలు చెవుల మీదుగా చుట్టాడు. పక్కన గోడకు ఆనించి ఒక ఎర్రటి రేసు సైకిలు ఉంది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. ఆ మనిషికీ ఆ సైకిలుకీ చుట్టరికం ఎలా కలిసిందో చూడగానే అంతుపట్టలేదు.

యాభై ఏళ్ళుగా రోడ్ల మీద తిరుగుతున్నవాణ్ణి. ఎదురుపడ్డవాళ్ళు ముందు ఊరడుగుతారు, తర్వాత పిల్లలెందరని అడుగుతారు, ఆ తర్వాత ఈ వయసులో ఇదేం పని అంటారు. ఈయన అవేవీ అడగలేదు. నా వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, పెద్ద బిళ్ళ పళ్ళను వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు.

“ముప్పై నాలుగు. నాదీ అంతే. మీ చైను దాని మీదికి ఎక్కింది, నాది ఎక్కదు. ఎందుకంటారు?”

అలా తెలిశాడు సుందరరాజు. ఊరు ఐరాల పక్కన. పని చెరుకు గానుగల మరమ్మతు. ఆ ఆదివారం పది గంటలకు ఘాటు పైనున్న టీ కొట్టు దగ్గరికి ఆ ఎర్ర సైకిలు చేరాలి. కొనడానికి మదనపల్లె నుంచి ఒక కుర్రాడు వస్తున్నాడు. అమ్మేది సుందరరాజు కూతురు రూపశ్రీ. సుందరరాజుకు మాత్రం అది అమ్ముడుపోకూడదు.

సంగతేమిటంటే, రూపశ్రీ పలమనేరులో ఒక బడిలో ఆటల టీచరు. మూడేళ్ళ క్రితం తన జీతంలోంచి మిగిల్చి బెంగుళూరులో ఈ పాత రేసు సైకిలు కొనుక్కుంది. ఆదివారం పొద్దున్నే ఘాటు దిగి పుట్టింటికి రావాలి, అమ్మ చేతి అన్నం తిని సాయంత్రానికి మళ్ళీ ఎక్కిపోవాలి. అదీ ఆమె సరదా. దిగడం బ్రహ్మాండంగా దిగింది. ఎక్కడమే కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ సగంలో దిగి తోసుకుంటూ పోయింది. లారీ క్లీనర్లు ఈలలు వేశారు. రెండోసారి పట్టేసిన మోకాలు నెల రోజులు వదల్లేదు. ఆ తర్వాత కాన్పు, పిల్లవాడు. కాన్పుకు వచ్చినప్పుడు సామాన్లతో పాటు తెచ్చిన సైకిలు పుట్టింటి వసారాలోనే ఉండిపోయింది. పోయిన నెల వచ్చినప్పుడు దాన్ని అమ్మేస్తానని చెప్పింది. ఆటల టీచరయి ఉండి ఘాటెక్కలేని చేతగానిదానికి ఇదెందుకు అంది.

ఆ ‘చేతగానిది’ అన్న మాట సుందరరాజుకు మింగుడుపడలేదు. “నా బిడ్డ కాళ్ళు బాగుండాయి సామీ. ఈ పండ్లే తప్పు,” అని వెనక బిళ్ళల గుత్తిని చూపించాడు. బిళ్ళలు మార్చాడు. కాలు కింద పెట్టకుండా తానే ఘాటెక్కి చూపిస్తే బిడ్డ మనసు మారుతుందని ఆయన లెక్క. పోయిన రెండు ఆదివారాలూ సాధన చేశాడు. రెండుసార్లూ కాలు పెట్టాడు. ఇవాళ మూడోసారి, ఇదే ఆఖరుసారి. అప్పుడు టైము ఏడున్నర.

గానుగ సంగతి తెలియనివాళ్ళకు ఈయన పట్టుదల సగమే అర్థమవుతుంది కాబట్టి కాస్త పక్కకు పోతాను. పక్కకు పోవడం నాకు అలవాటే.

మోటారు తిరిగే వేగం ఎప్పుడూ ఒక్కటే. గానుగ రోలర్లు ఎంత నెమ్మదిగా, ఎంత బలంగా తిరగాలన్నది మోటారుకూ గానుగకూ మధ్య బెల్టు వేసిన పుల్లీల సైజును బట్టి ఉంటుంది. చిన్న పుల్లీతో పెద్ద పుల్లీని తిప్పితే వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. కొత్తగా నాటిన తోటలో చెరుకు లావుగా మెత్తగా ఉంటుంది. నరికిన మొదళ్ళ నుంచి మళ్ళీ లేచిన కార్శి తోటలో సన్నగా గట్టిగా ఉంటుంది. దేనికి ఏ పుల్లీ వేయాలో చెప్పడమే సుందరరాజు విద్య. పక్క చేను గానుగకున్న పుల్లీనే నాకూ వెయ్యమని పట్టుబట్టే రైతుతో ఆయన తగువు పెట్టుకునేవాడట. ఆయన చెరుకు వేరు, నీ చెరుకు వేరు, నీకొచ్చే కరెంటు కూడా వేరు అని చెప్పి, వినకపోతే సంచి భుజాన వేసుకుని వచ్చేసేవాడు.

ఎనిమిదో తరగతి దాకా చదువు. పదిహేనో ఏట చిత్తూరులో లేత్ మిషను దగ్గర చేరాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు నల్ల సైకిలు మీద, వెనక పనిముట్ల సంచితో, ఐరాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. మోటారు బండి కొనగలిగీ కొనలేదు. బండి చప్పుడులో గానుగ చప్పుడు వినిపించదు అన్నాడు కారణం అడిగితే. సైకిలు మీద పోతుంటే అర మైలు దూరాన ఏ చేలో గానుగ ఇబ్బంది పడుతోందో ఆయనకు చెవికి తెలిసిపోతుంది. పిలవకుండానే గట్టు దిగి పోయి, నీ గానుగ దగ్గుతా ఉండాది అనేవాడు. మొదట్లో రైతులు కోప్పడ్డారు. తర్వాత్తర్వాత సీజను మొదలవగానే ఈయన ఇటు రాలేదేమని దారి చూసేవాళ్ళు.

ఇప్పుడు చెరుకు మడులు చాలావరకు మామిడి తోటలయ్యాయి. గానుగలు తగ్గాయి, తీరిక పెరిగింది. ఆ తీరికలోనే కూతురి సైకిలు విప్పాడు. భార్య వరదమ్మ వడియాలకని ఉతికి ఆరేసుకున్న పాత చీర మీద ఎనభై ముక్కలుగా పరిచాడు. ఆమె వచ్చి చూసి, మళ్ళీ ఇది సైకిలవుతుందా అని మాత్రం అడిగి, వడియాలు మానుకుని లోపలికి పోయిందట.

విప్పి చూస్తే వెనక తొమ్మిది బిళ్ళలు. చిన్నదానికి పదకొండు పళ్ళు, పెద్దదానికి ఇరవై మూడు. బెంగుళూరు చదును రోడ్ల మీద పందేలు తొక్కిన కుర్రాడెవడో తనకోసం పెట్టుకున్న గుత్తి అది. సుందరరాజు ఇంటి ముందు రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, పెడలు ఒక్క చుట్టు తిప్పి, సైకిలు ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచాడు.

“పన్నెండడుగులు సామీ, పెద్ద బిళ్ళ మీద కూడా. ఘాటులో ఒక్కో తొక్కుకి పన్నెండడుగులు. నా బిడ్డని లారీకి కట్టి లాగమన్నట్ల కాదా?”

పాతకాలంలో ఇలాంటి కనుమల కింద ఎద్దుల జతలు అద్దెకు దొరికేవని చదివాను. బరువు బండి వస్తే, సొంత ఎద్దుల ముందు ఇంకో జతను కట్టి, కొండ పైదాకా లాగించి, అక్కడ విప్పేసేవాళ్ళు. పళ్ళ చక్రాలు చేసేదీ అదే పని. బండిని తేలిక చేయలేవు, కొండను వంచలేవు, ఇంకో జతను కట్టిపెడతాయి. వెనక బిళ్ళ పెద్దదయ్యే కొద్దీ ఒక్కో తొక్కుకు పోయే దూరం తగ్గుతుంది, ఆ మేరకు కాలి మీద బరువూ తగ్గుతుంది. తొక్కులు ఎక్కువవుతాయి, అంతే. ఓపికున్నవాడికి అదొక లెక్క కాదు.

సుందరరాజు ఇదంతా ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. తిరుపతి పోయి సైకిళ్ళ దుకాణం హరినాథ్‌ను పట్టుకుని, ముప్పై నాలుగు పళ్ళ బిళ్ళ ఉన్న గుత్తిని తెచ్చాడు. దాన్ని తెచ్చింది తెచ్చినట్టు బిగిస్తే ఆయన సుందరరాజు ఎలా అవుతాడు? అందులో ఒక బిళ్ళ నుంచి ఇంకో బిళ్ళకు ఎడం ఎక్కువుంది. చదునులో పోయేటప్పుడు కాలికి నప్పే బిళ్ళ ఉండదు, ఒకటి బరువు, ఒకటి మరీ తేలిక. రూపశ్రీ దారిలో ఘాటు కొంచెమే, చదునే ఎక్కువ. అందుకని రెండు గుత్తులూ విప్పి, మధ్య బిళ్ళలు పాతవాటిలోంచి దగ్గర దగ్గరగా తీసుకున్నాడు. కొండకు మాత్రం ఇరవై ఆరు, ముప్పై, ముప్పై నాలుగు కొత్తవాటిలోంచి కలిపాడు. పదకొండు పళ్ళది తీసి గూట్లో పెట్టేశాడు. అది ఉన్నది దిగుడులో లారీవాడితో పందెం వేయడానికే, నా బిడ్డకా గొడవ వద్దు అన్నాడు. ముందువైపున్న రెండు చక్రాల్లో పెద్దదాన్ని కూడా తీసేశాడు, మోటారుకు రెండు పుల్లీలు ఎవరు పెడతారని. ఇప్పుడు పెద్ద బిళ్ళ మీద ఒక్కో తొక్కుకు ఎనిమిదడుగులు.

అంతా సరిగ్గా ఉంది. చైను మాత్రం ఆ ఆఖరు బిళ్ళ ఎక్కదు. ఎక్కించబోతే మూలుగుతుంది, సగం ఎక్కి బిగదీసుకుపోతుంది. ముప్పై పళ్ళ దాని మీదే తొక్కి, రెండు ఆదివారాలూ నాలుగో మలుపు దగ్గర ఆగిపోయాడు.

నేను వంగి చూశాను. వెనక చక్రం కింద చైనును పట్టుకుని వేలాడే స్ప్రింగు చెయ్యి ఒకటుంటుంది. అది తాడు తెంపుకోబోతున్న దూడలా ముందుకు సాగిపోయి ఉంది. చైను ఎప్పుడైనా కత్తిరించారా అని అడిగాను. ఆరు లింకులు తీసేశానని గర్వంగా చెప్పాడు. ముందరి పెద్ద చక్రం తీసేశాక చైను వేలాడుతోందట. నలభై ఏళ్ళు బెల్టులు బిగించిన మనిషికి వేలాడే చైను కళ్ళబడితే చేతులు ఊరుకుంటాయా? బెల్టు వదులైతే జారుతుంది, కాలిన వాసన వస్తుంది, గానుగ ఆగుతుంది. బిగువుంటేనే పని. ఆ లెక్కన చైనును వీణ తీగలా బిగించి పెట్టాడు. పెద్ద బిళ్ళను చుట్టి రావడానికి దానికి పొడవు చాలడం లేదు.

కార్వేటినగరం పాత కోట గోడల పక్కన నేనూ ఒకసారి ఇదే తప్పు చేసి, ఆ చెయ్యి ఫట్టున విరిగితే పుత్తూరు దాకా నడిచాను. ఆ సంగతి చెప్పి, తీసిన లింకులు మళ్ళీ కలపమన్నాను.

ఆయనకు నచ్చలేదు. “చైను ఇట్ల యాలాడితే పట్టు యాడుంటాది సామీ?”

పట్టు పళ్ళది, వేలాడేదాన్ని మింగడానికే కింద ఆ స్ప్రింగు చెయ్యి ఉంది అన్నాను. బెల్టు వదులును అదిమిపెట్టడానికి గానుగల్లో అదనపు చిన్న పుల్లీ ఒకటి పెడతారు కదా, అదే ఇది. ఆయన చాలాసేపు ఆ చేతిని వేలితో లాగి వదులుతూ కూర్చున్నాడు. అది ముందుకు సాగుతోంది, వెనక్కి పోతోంది. చివరికి తనలో తాను నవ్వుకున్నాడు.

“జాకీ పుల్లీ. కండ్ల ముందర పెట్టుకోని, దాని గొంతు నులిమినా.”

ఆరు లింకులూ సంచిలోనే ఉన్నాయి. ఈ మనిషి దేన్నీ పారేసే రకం కాదు. కల్వర్టు గోడ మీద సుత్తితో, పంచుతో పావుగంటలో కలిపేశాడు. వెనక చక్రం పైకెత్తి పెడలు తిప్పి మీట నొక్కితే, చైను ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయి ముప్పై నాలుగు మీద చప్పుడు లేకుండా కూర్చుంది. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. ఏమీ వినిపించకపోవడమే ఆయనకు కావలసింది.

ఎనిమిదింపావుకు బయల్దేరాం. నన్ను వెనకే రమ్మన్నాడు. కాలు కింద పెట్టాడా లేదా అన్నదానికి సాక్షి కావాలి. కూతురు తన మాట నమ్మదని ఆయన అనుమానం. లుంగీ ఇంకో మడత పైకి కట్టి, మొదటి మలుపులోనే పెద్ద బిళ్ళ వేసుకుని, విసుర్రాయి తిప్పినంత నిదానంగా తొక్కుతూ పోయాడు. ఆ మడమలకు తొందరంటే ఏమిటో తెలియదు. నాలుగో మలుపు దగ్గర రాళ్ళ లోడు లారీ ఒకటి మా ముందు దాదాపు ఆగిపోయినంత పని చేసి, మొహాన పొగ వదిలింది. నేను దిగిపోయాను. సుందరరాజు దిగలేదు. నడిచే మనిషికన్నా నెమ్మదిగా, అటూ ఇటూ ఊగుతూ, ఆ లారీని పక్కనుంచి దాటేశాడు. క్లీనరు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు గానీ ఈల వేయలేదు. ఆరో మలుపు దగ్గర నేను మళ్ళీ దిగాను. ఎందుకని అడక్కండి.

తొమ్మిదిన్నరకు పైన టీ కొట్టు దగ్గర రూపశ్రీ, కొనేందుకు వచ్చిన సునీల్‌కుమార్ నిలబడి ఉన్నారు. ఆమె స్కూటరు మీద ఇద్దరూ పలమనేరు నుంచి వచ్చారు. సునీల్‌కుమార్ మదనపల్లెలో బ్యాంకు గుమాస్తా. ముప్పై లోపే వయసు, కాస్త బొద్దుగా, నవ్వుమొహం. ముందు అతని కంటపడింది వెనక బిళ్ళే.

“ఏంది పెద్దాయనా, ఎనక దోసె పెనం తగిలించినారు?”

సుందరరాజుకు ఊపిరి ఇంకా ఆడటం లేదు. “అవునబ్బా. మీ ఇంట్లో దోసెలు రూపాయి బిళ్ళ మీద పోస్తారా?”

రూపశ్రీ నవ్వలేదు. సైకిలును వ్యానులో వేసుకొస్తానన్న మనిషి తొక్కుకుంటూ వచ్చాడని ఆమెకు కోపం. సుందరరాజు ఆ కోపాన్ని పట్టించుకోకుండా, కాలు కింద పెట్టలేదు, ఈ సామిని అడుగు అన్నాడు. నేను సాక్ష్యం చెప్పాను. నేను మాత్రం రెండుసార్లు పెట్టానని కూడా చెప్పాను, సాక్ష్యానికి బరువుంటుందని.

ఆమె తండ్రినీ సైకిలునూ మార్చి మార్చి చూసింది.

“నువ్వు ఎక్కుతావు నాయనా. నలభై ఏండ్లు సైకిలు దిగినోడివి కాదు. నీ కాళ్ళు సూపించి నా కాళ్ళకి న్యాయం చెప్తే ఎట్ల?”

సుందరరాజు నెల రోజుల పని, మూడు ఆదివారాల చెమట, ఆరు లింకులు, అన్నీ ఆ ఒక్క మాటతో పక్కకు తప్పుకున్నాయి. పెద్ద పెద్ద పండితుల వాదాలు కూలిపోవడం పుస్తకాల్లో చదివాను. ఇంత తక్కువ మాటలతో కూలింది మాత్రం ఇదొక్కటే. ఆమె చెప్పిందాంట్లో తప్పెక్కడుంది?

ఈలోగా సునీల్‌కుమార్, కొనే ముందు ఒకసారి తొక్కి చూస్తానని సైకిలెక్కి ఘాటు దిగాడు. అరగంట తర్వాత తిరిగొచ్చాడు. చొక్కా తడిసింది గానీ మొహం వెలుగుతోంది. నాలుగు మలుపులు కిందికి పోయి, అక్కణ్ణుంచి ఎక్కొచ్చానన్నాడు. ఎక్కడా దిగలేదన్నాడు. జన్మలో కొండ మీదికి సైకిలు తొక్కుతాననుకోలేదట. బేరం గీరం వద్దు, మేడమ్ చెప్పినదానికే తీసుకుంటా, ఇప్పుడే తీసుకుపోతా అన్నాడు.

సుందరరాజు మొహం చూడాలి. బిడ్డ అమ్మకుండా ఉండాలని ఆయన చేసిన పనంతా అమ్మకాన్ని ఖాయం చేసి పెట్టింది. నేను నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

రూపశ్రీ మాత్రం డబ్బు మాట ఎత్తలేదు. ఏ మలుపు దాకా పోయారని సునీల్‌కుమార్‌ను మళ్ళీ అడిగింది. బండరాయికి సున్నం కొట్టిన మలుపా, దాని కిందిదా అని అడిగింది. ఆమె దిగి తోసింది ఆ సున్నం మలుపు దగ్గరే. అతను దానికింకా కింద నుంచే ఎక్కొచ్చాడు. ఆమె అతని పొట్ట వైపు చూసింది, తర్వాత అతని చెప్పుల వైపు, తర్వాత ఆ పెద్ద బిళ్ళ వైపు. చున్నీ నడుముకు చుట్టి ముడివేసింది.

“ఒకసారి ఇట్లియ్యండి.”

సుందరరాజు సైకిలు పట్టుకుని ఇచ్చాడు. పళ్ళ సంగతీ పుల్లీల సంగతీ ఏదీ ఎత్తలేదు. ఆమె పెడలు మీద కాలు పెట్టాక మాత్రం మెల్లగా అన్నాడు.

“పాపా, పెద్ద బిళ్ళని ఆఖరుకని దాసిపెట్టుకోవద్దు. ఎక్కేటప్పుడు మొదట్లోనే ఏసుకో. బిడ్డకి పాలిచ్చినోళ్ళు కూడా నింపాదిగా ఎక్కొచ్చు.”

ఆమె సున్నం మలుపు దగ్గర ఆగలేదు. పైనుంచి చూస్తున్నాం, కిందికి, ఇంకా కిందికి, చెట్ల మధ్య ఎర్రటి చుక్కయి, ఆ పైన కనిపించకుండా పోయింది. కల్వర్టు దాకా పోయిందని తర్వాత తెలిసింది.

గంటన్నర గడిచింది. సునీల్‌కుమార్ రెండు టీలు తాగాడు. బ్యాంకులో అప్పులు తీసుకుని గానుగలు పెట్టిన రైతుల కథలు చెప్పబోయాడు. సుందరరాజు చెయ్యెత్తి గమ్మునుండమన్నాడు. రోడ్డు అంచున నిలబడి, తువ్వాలు చెవుల మీంచి తీసేసి, తల పక్కకు వంచి కింది మలుపుల వైపు వింటున్నాడు. లారీలు మూలుగుతూ వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన వింటున్నది వాటి మధ్య ఖాళీల్ని.

“వస్తా ఉండాది,” అన్నాడు. నాకేమీ వినిపించలేదు.

రెండు నిమిషాలకు రూపశ్రీ ఆఖరు మలుపు తిరిగింది. జుట్టు ఊడిపోయింది, మొహం కందగడ్డయింది, కాళ్ళు మాత్రం తండ్రివి తెచ్చి అతికించినట్టు అదే నిదానంతో తిరుగుతున్నాయి. టీ కొట్టు దగ్గరికొచ్చింది. మేము మధ్యలోంచి పక్కకు జరిగాం. ఆమె ఆగలేదు.

“సునీల్‌కుమార్ గారూ, నా స్కూటరు పలమనేరుకి తెచ్చియ్యండి, తాళం దానికే ఉండాది. నేను ఆగితే కాలు కింద పెట్టాల్సొస్తాది.”

మమ్మల్ని దాటి, చదును మొదలైన చోట చిన్న బిళ్ళకు మార్చుకుని, వేగం అందుకుని పోయింది.

సునీల్‌కుమార్ చాలాసేపు ఆ రోడ్డు వైపే చూశాడు. అయితే అమ్మేది లేదా అని అడిగాడు. సుందరరాజు అతని భుజం మీద చెయ్యి వేసి, బెంగుళూరులో ఇలాంటివి వందలున్నాయి, ఒకటి తెచ్చుకో, ఏ బిళ్ళలు వేయాలో నేను చూసుకుంటా అన్నాడు. “నీ ఒంటికి ఎన్ని పండ్లో, మీ ఊరి కొండకి ఎన్ని పండ్లో, నాకిడిసిపెట్టు.” ఆ కుర్రాడు మంచివాడు. నవ్వి, సుందరరాజు నంబరు ఫోన్‌లో ఎక్కించుకుని, స్కూటరు తీసుకుని బయల్దేరాడు.

కొట్టువాడి దగ్గర నా సీసాలో నీళ్ళు నింపించుకుంటూ, ఐరాల వైపు పోవడానికి బస్సు ఇక్కడ ఆపుతారా అని అడిగాను, సుందరరాజు కోసమే. ఆపరు, బంగారుపాళెం దాకా పోవాల్సిందే అన్నాడు కొట్టువాడు. ఆ మాట ఆయనకు చెబుదామని తిరిగి చూస్తే బల్ల మీద ఖాళీ గ్లాసుంది. సుందరరాజు అప్పటికే మొదటి మలుపు దాకా దిగిపోయాడు, సంచి భుజాన, తువ్వాలు చేతిలో. కిందికి పోతున్న లారీ ఒకటి పక్కన నెమ్మదించి ఎక్కమన్నట్టుంది. ఆయన వద్దని చెయ్యి ఊపి, రోడ్డు వారగా నడుచుకుంటూ మలుపు తిరిగాడు.